జపాన్‌లో నివాస పన్ను: లెక్క తెలుసుకుని సకాలంలో కట్టడం, చట్టం ఇచ్చిన మేరకు తగ్గించుకోవడం

జపాన్‌కు ఉద్యోగం మీద వచ్చిన తెలుగువారిలో చాలామందికి మొదటి ఏడాది జీతం చీటీ చూడగానే ఒక తప్పుడు ధీమా కలుగుతుంది. ఆదాయపు పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్ పోగా మిగిలినదే ఇక ఎప్పటికీ చేతికొచ్చే జీతమనుకుని ఇంటి అద్దె ఎంతవరకు భరించవచ్చో, ఇంటికి నెలనెలా ఎంత పంపవచ్చో ఆ అంకె మీదే నిర్ణయించుకుంటారు. రెండో ఏడాది జూన్‌లో ఆ అంకె ఒక్కసారిగా పాతిక ముప్పై వేల యెన్లు పడిపోతుంది. నాకు అలా జరిగినప్పుడు లెక్కలో ఏదో పొరపాటు జరిగిందనుకుని జీతాల విభాగానికి వెళ్లి అడిగాను. అక్కడి ఉద్యోగిని ఓపికగా సన్నటి పొడవాటి కాగితం ఒకటి తీసి, ఇది పోయిన ఏడాది ఆదాయం మీద మీ వార్డు వేసిన పన్ను అని చూపించింది. ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోవడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. కొత్తగా వచ్చేవారికి ఆ రెండేళ్లు పట్టకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పన్నును జపాన్ భాషలో జూమిన్‌జే అంటారు. మనవాళ్లు రెసిడెన్స్ టాక్స్ అంటారు. ఇది టోక్యోలోని జాతీయ పన్నుల శాఖకు వెళ్లదు. మీరు నివసించే వార్డుకో నగరానికో ఒక వాటా, ఆ పైనున్న జిల్లా (ప్రిఫెక్చర్) ప్రభుత్వానికి ఒక వాటా వెళుతుంది. అందుకే దీని గురించి ఏ సందేహం వచ్చినా టాక్స్ ఆఫీసుకు వెళ్లినందువల్ల ప్రయోజనం ఉండదు. వార్డులో ఉంటే కుయాకుషోకు (వార్డు కార్యాలయం), నగరంలో ఉంటే షియాకుషోకు (నగర కార్యాలయం) వెళ్లాలి. ఇక్కడ ఇచ్చిన అంకెలు 2025లో వచ్చిన ఆదాయానికి, అంటే 2026 జూన్ నుంచి కట్టే పన్నుకు వర్తించేవి.

మొదటి అడుగు: తేదీలను అర్థం చేసుకోవడం

ఈ పన్ను విషయంలో శాతాల కంటే తేదీలు ముఖ్యం. జనవరి 1వ తేదీన మీరు ఏ ఊళ్లో నివాసం ఉన్నారో ఆ ఊరికే, అంతకుముందు జనవరి నుంచి డిసెంబరు వరకు సంపాదించిన ఆదాయం మీద, మొత్తం ఏడాది పన్ను కట్టాలి. కట్టడం ఆ జూన్‌లో మొదలై మరుసటి మే నెలతో ముగుస్తుంది. ఫిబ్రవరిలో మీరు టోక్యోలోని ఎదొగావా వార్డు నుంచి యొకొహామాకు మారినా ఆ ఏడాది పన్ను ఎదొగావాకే వెళుతుంది.

ఈ ఒక్క నియమం నుంచే మిగతావన్నీ పుట్టుకొస్తాయి. 2025 ఏప్రిల్‌లో జపాన్‌లో దిగిన వ్యక్తి 2025 జనవరి 1న ఇక్కడ లేడు కాబట్టి 2026 మే వరకు అతని జీతంలో ఈ పన్ను కోత ఉండదు. 2026 జూన్‌లో ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు వచ్చిన తొమ్మిది నెలల ఆదాయం మీద పన్ను మొదలవుతుంది. 2027 జూన్‌లో, పన్నెండు నెలల ఆదాయం లెక్కలోకి రావడంతో, అది మరికాస్త పెరుగుతుంది. అంటే కొత్తగా వచ్చినవారి చేతికొచ్చే జీతం, అసలు జీతం పెరగకపోతే, రెండుసార్లు తగ్గుతుందన్నమాట. దానికి ముందే సిద్ధపడి, వచ్చిన మొదటి నెల నుంచే జీతంలో ఆరు శాతం వరకు విడిగా దాచుకోవడం మంచిది.

నవంబరులో వచ్చినవారికి ఇదే నియమం మేలు చేస్తుంది. రెండు నెలల్లో 8,00,000 యెన్ల జీతం వచ్చిందనుకుందాం. జీతగాళ్లకు ఇచ్చే కనీస మినహాయింపు 6,50,000 యెన్లు నెలల వారీగా తగ్గదు కాబట్టి, లెక్కలోకి వచ్చే ఆదాయం 1,50,000 యెన్లే. టోక్యో 23 వార్డుల్లో ఒంటరి వ్యక్తికి ఈ ఆదాయం 4,50,000 యెన్లు దాటకపోతే నివాస పన్ను అసలు ఉండదు. కనుక 2025 నవంబరులో వచ్చినవారికి మొదటి కోత 2027 జూన్‌లో గానీ పడదు. చేరే తేదీని ఎంచుకునే వీలు నిజంగా ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

రెండో అడుగు: మీ పన్నును మీరే లెక్క కట్టుకోవడం

పన్నులో రెండు భాగాలున్నాయి. ఆదాయాన్ని బట్టి పడేది పన్ను విధించదగిన ఆదాయంలో 10 శాతం. అందులో 6 శాతం వార్డుకో నగరానికో, 4 శాతం జిల్లా ప్రభుత్వానికి పోతుంది. యొకొహామా, ఒసాకా వంటి ప్రత్యేక హోదా ఉన్న పెద్ద నగరాల్లో ఆ పంపకం 8, 2గా ఉంటుంది. రెండో భాగం తలసరి పన్ను. ఎక్కువ చోట్ల ఇది ఏడాదికి 4,000 యెన్లు, దానితోపాటు 2024 నుంచి వసూలు చేస్తున్న అటవీ పర్యావరణ పన్ను 1,000 యెన్లు కలిపి 5,000. కొన్ని జిల్లాలు అడవులు, నీటివనరుల సంరక్షణ కోసం దీని మీద మరికొంత వేస్తాయి.

ఏడాదికి 60,00,000 యెన్ల జీతమున్న అవివాహిత ఉద్యోగి లెక్క ఇలా ఉంటుంది. ఆ జీతానికి ఉద్యోగ మినహాయింపు, జీతంలో 20 శాతానికి 4,40,000 కలిపితే వచ్చే 16,40,000 యెన్లు. అది తీసేస్తే 43,60,000. ఆరోగ్య బీమా, పెన్షన్, ఉద్యోగ బీమా కలిపి జీతంలో దాదాపు 15 శాతం, అంటే 9,00,000 అనుకుందాం. కట్టిన ఆ మొత్తమంతా మినహాయింపే. తరువాత అందరికీ వర్తించే మూల మినహాయింపు 4,30,000. మిగిలిన 30,30,000 యెన్ల మీద 10 శాతం 3,03,000. దాని నుంచి సర్దుబాటు తగ్గింపు (ఆదాయపు పన్నుకూ నివాస పన్నుకూ మినహాయింపుల్లో ఉన్న తేడాకు ఇచ్చేది) 2,500 తీసి, తలసరి 5,000 కలిపితే ఏడాది పన్ను 3,05,500 యెన్లు. దీన్ని పన్నెండు భాగాలు చేసి, వంద లోపు చిల్లరను జూన్‌లోనే కలిపేస్తారు. అందువల్ల జూన్‌లో 26,100, మిగతా పదకొండు నెలల్లో 25,400 చొప్పున కోత పడుతుంది. జూన్ అంకె కాస్త పెద్దగా ఉండటం చూసి కంగారు పడనక్కర్లేదు.

ఆదాయపు పన్నుకు ఇచ్చే మినహాయింపులూ నివాస పన్నుకు ఇచ్చేవీ పేర్లలో ఒకటే అయినా మొత్తాల్లో వేరు. 2025లో ఆదాయపు పన్నుకు మూల మినహాయింపు పెరిగింది గానీ నివాస పన్నుకు 4,30,000 దగ్గరే ఉంది. భార్య లేదా భర్త ఆధారితులైతే ఆదాయపు పన్నులో 3,80,000, నివాస పన్నులో 3,30,000 మినహాయింపు వస్తుంది. జీవిత బీమా కట్టినవారికి ఆదాయపు పన్నులో గరిష్ఠంగా 1,20,000 అయితే ఇక్కడ 70,000. అందుచేత ఆదాయపు పన్ను సున్నా అయినవారికి కూడా నివాస పన్ను కాగితం రావచ్చు.

మూడో అడుగు: ఏ దారిన కడుతున్నారో గమనించడం

కంపెనీ ప్రతి ఏటా జనవరి 31లోగా మీ జీతం వివరాలను వార్డుకు పంపుతుంది. వార్డు లెక్కకట్టి, నిర్ణయ పత్రాన్ని మే, జూన్ నెలల్లో కంపెనీ ద్వారా మీకు అందజేస్తుంది. కంపెనీ నెలనెలా జీతంలోంచి కోసి కట్టే పద్ధతిని తొకుబెత్సు చోషూ అంటారు. ఇందులో మీరు చేయాల్సిన పని ఏమీ లేదు.

చిక్కంతా ఉద్యోగం మారినప్పుడు వస్తుంది. పాత కంపెనీ కోత ఆగిపోతుంది. కొత్త కంపెనీకి ఆ సంగతి తెలియదు. మిగిలిన పన్నుకు వార్డు రసీదు పుస్తకంలా ఉండే కాగితాలను ఇంటికి పంపుతుంది. దీన్ని ఫుత్సూ చోషూ అంటారు. సాధారణంగా జూన్, ఆగస్టు, అక్టోబరు, జనవరి నెలల్లో నాలుగు వాయిదాలుగా కట్టాలి. జపాన్ భాషలో ఉన్న కవరును ప్రకటన కాగితమనుకుని పక్కన పడేసినవారిని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. గడువు దాటితే జాప్య రుసుము పెరుగుతూ పోతుంది. హెచ్చరిక పత్రం పంపిన తేదీ నుంచి పది రోజుల్లోగా కట్టకపోతే జీతాన్నో బ్యాంకు ఖాతానో జప్తు చేసే అధికారం చట్టం వార్డుకు ఇస్తుంది. ఉద్యోగం మారిన వెంటనే కొత్త కంపెనీ జీతాల విభాగానికి వెళ్లి, మిగిలిన నివాస పన్నును జీతంలోంచి కోయమని అడగాలి. అప్పటికే కాగితాలు వచ్చి ఉంటే గడువు దాటని వాటిని వాళ్లకు ఇస్తే మార్చిపెడతారు. లేకపోతే కోంబినీ అనే చిన్న దుకాణాల కౌంటర్ దగ్గరగానీ, కాగితం మీద క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తోగానీ కట్టవచ్చు.

మరో సంగతి తెలిసి ఉండాలి. జనవరి నుంచి మే లోపు ఉద్యోగం మానేస్తే, మే వరకు మిగిలిన పన్నంతా చివరి జీతంలోంచి ఒక్కసారే కోస్తారు. జూన్ నుంచి డిసెంబరు లోపు మానేస్తే ఒకేసారి కట్టడమా, వాయిదాల్లో కట్టడమా అన్నది మీ ఇష్టం.

నాలుగో అడుగు: కుటుంబాన్ని లెక్కలో సరిగా చూపించడం

పన్ను తగ్గించే దారుల్లో మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇందులోనే. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను పోషిస్తున్నవారు వారిని ఆధారితులుగా చూపించవచ్చు. అయితే 2023 నుంచి నియమం బిగుసుకుంది. విదేశాల్లో ఉన్న బంధువు వయసు 30 నుంచి 69 మధ్య ఉంటే, ఆ వ్యక్తికి ఆ ఏడాదిలో మీరు 3,80,000 యెన్లు లేదా అంతకంటే ఎక్కువ పోషణకో చదువుకో పంపి ఉండాలి. లేదా ఆ వ్యక్తి దివ్యాంగులై ఉండాలి, లేదంటే చదువు కోసం జపాన్ వదిలి వెళ్లినవారై ఉండాలి. వయసును డిసెంబరు 31 నాటికి చూస్తారు. 70 దాటినవారికి ఈ 3,80,000 హద్దు లేదు గానీ డబ్బు పంపిన రుజువు మాత్రం తప్పనిసరి.

భీమవరం దగ్గరి పల్లెలో ఉన్న నాన్నగారి వయసు 72, అమ్మగారి వయసు 66 అనుకుందాం. నాన్నగారికి వృద్ధ ఆధారితుల కింద నివాస పన్నులో 3,80,000 మినహాయింపు, అంటే 38,000 యెన్ల పన్ను తగ్గుతుంది. అమ్మగారికి 3,30,000 మినహాయింపు రావాలంటే 3,80,000 యెన్లు ఆమె పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి. ఇద్దరికీ కలిపి నాన్నగారి ఖాతాకు పంపితే, ఆ డబ్బుతో ఇల్లంతా గడిచినా, అది నాన్నగారికి పంపినట్టే లెక్క. మన ఇళ్లలో డబ్బు ఒకరి ఖాతాకే వెళ్లడం అలవాటు కాబట్టి అమ్మల పేరున మినహాయింపు పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. సంక్రాంతికి వెళ్లి చేతికిచ్చిన నగదు లెక్కలోకి రాదు. ఇండియాలో మీకున్న ఖాతా నుంచి పంపిన డబ్బును నమ్ముకోవడం కూడా మంచిది కాదు. జపాన్ నుంచి నేరుగా, ఒక్కొక్కరి ఖాతాకు విడివిడిగా పంపి, ప్రతి రసీదూ దాచుకోవాలి.

డబ్బు రుజువుతోపాటు బంధుత్వ రుజువు కావాలి. మీ జనన ధ్రువీకరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లుంటాయి గానీ వారి పుట్టిన తేదీ ఉండదు, చిరునామా ఇప్పటిది కాకపోవచ్చు కాబట్టి, అవి ఉన్న మరో ప్రభుత్వ పత్రాన్ని జతచేసి, అన్నిటికీ జపనీస్ అనువాదం ఇవ్వాలి. ఇక్కడ మన పేర్ల సమస్య ఎదురవుతుంది. ఒక పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి మరోదాంట్లో పూర్తిగా ఉండటం, ఒకచోట రావు ఉండి మరోచోట లేకపోవడం మనకు మామూలే గానీ, జపాన్ ఉద్యోగికి అవి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడే ఈ పత్రాలను సరిచేయించుకోవడం మేలు. నవంబరులో కంపెనీ నెన్‌మత్సు చోసే (ఏడాది చివరి పన్ను సర్దుబాటు) కాగితాలు అడిగినప్పుడు మొదలుపెడితే సమయం చాలదు.

ఆ గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టాక్స్ ఆఫీసులో కకుతే షింకొకు, అంటే వార్షిక ఆదాయపు పన్ను రిటర్ను, దాఖలు చేయవచ్చు. పన్ను వాపసు కోరే దాఖలాకు ఐదేళ్ల వరకు అవకాశముంది. అక్కడ దాఖలు చేస్తే ఆ వివరాలు వార్డుకు వెళ్లి నివాస పన్ను కూడా తిరిగి లెక్కిస్తారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. నిజంగా మీ మీద ఆధారపడని అన్నదమ్ములను, మామగారిని, మేనత్తను వరుసగా చూపించి పన్నును సున్నాకు దించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినవద్దు. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు సాధారణంగా గత ఐదేళ్ల నివాస పన్ను విధింపు, చెల్లింపు ధ్రువపత్రాలు ఇవ్వాలి. చదువు, అనుభవం, జీతానికి పాయింట్లు ఇచ్చే నైపుణ్య పాయింట్ల దారిలో వెళ్లేవారికి అది 70 పాయింట్లకు మూడేళ్లు, 80 పాయింట్లకు ఒక ఏడాది. మంచి జీతం ఉండి కూడా పన్ను లేని కాగితాన్ని చూసిన అధికారి ఆధారితుల జాబితానే ముందు ప్రశ్నిస్తాడు. శాశ్వత నివాసం వచ్చాక కూడా, ఉద్దేశపూర్వకంగా పన్నులు ఎగవేసినవారికి ఆ హోదాను రద్దు చేసే వీలు కల్పిస్తూ 2024 జూన్‌లో జపాన్ పార్లమెంటు చట్టాన్ని సవరించింది.

ఐదో అడుగు: ఫురుసాతో నోజే

పల్లెల్లో పుట్టి పెరిగినవారు పట్టణాలకు వెళ్లిపోవడంతో పన్నులన్నీ పట్టణాలకే చేరుతున్నాయని, సొంతూరికి కొంతైనా వెళ్లే దారి ఉండాలని జపాన్ 2008లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఫురుసాతో అంటే సొంతూరు. అయితే మీది ఆ ఊరే కానక్కర్లేదు. ఆమోదం పొందిన ఏ ఊరికైనా విరాళం ఇవ్వవచ్చు. 2,000 యెన్లు పోను మిగిలిన విరాళమంతా, మీ హద్దు లోపల ఉన్నంతవరకు, పన్నులో తగ్గుతుంది. విరాళంలో 30 శాతం విలువ మించకుండా ఆ ఊరు బహుమతి పంపవచ్చు. నిజానికి పన్ను తగ్గడం లేదు, ముందుగా వేరే ఊరికి కడుతున్నారు, అంతే. మీకు మిగిలేది ఆ బహుమతి. శాకాహారులు మాంసం, చేపల పేజీలు దాటుకుని వెళితే బియ్యం, పండ్లు, ఎహిమె జిల్లా ఇమాబరి తువ్వాళ్లు ఎన్నో దొరుకుతాయి. ఇచ్చే బహుమతి లేకుండా విపత్తుల్లో దెబ్బతిన్న ఊళ్లకూ పంపవచ్చు. 2024 జనవరి 1న భూకంపం తాకిన నోతో ద్వీపకల్పంలోని వాజిమా, సుజు పట్టణాలకు ఎంతోమంది అలా పంపారు.

హద్దును ఇలా లెక్కించాలి: నివాస పన్నులో ఆదాయ భాగాన్ని 20 శాతంతో గుణించి, 90 శాతం నుంచి మీ ఆదాయపు పన్ను రేటుకు 1.021 రెట్లు తీసివేయగా వచ్చినదానితో భాగించి, 2,000 కలపాలి. పైన చూపిన 60 లక్షల జీతం ఉద్యోగికి ఆదాయ భాగం 3,00,500, ఆదాయపు పన్ను రేటు 10 శాతం. హద్దు దాదాపు 77,000 యెన్లు వస్తుంది. తల్లిదండ్రులను, భార్యను ఆధారితులుగా చూపిస్తే ఆ హద్దు తగ్గుతుంది. హద్దు దాటి ఇచ్చిన దాంట్లో ఎక్కువ భాగం సొంత జేబులోంచి పోయినట్టే. ఈ హద్దు విరాళం ఇస్తున్న ఏడాది ఆదాయాన్ని బట్టి ఉంటుంది, పోయిన ఏడాది దాన్ని బట్టి కాదు. ఏడాది మధ్యలో వచ్చినవారు పూర్తి ఏడాది జీతంతో లెక్క కట్టుకుంటే నష్టపోతారు.

వేరే దాఖలా అవసరం లేని ఉద్యోగులు ఒక ఏడాదిలో ఐదు ఊళ్ల వరకు ఇస్తే కకుతే షింకొకు లేకుండా ఫారం పంపితే సరిపోయే వన్‌స్టాప్ పద్ధతి చాలు. ప్రతి ఊరికీ ఫారం, మై నంబర్ (జపాన్ ప్రభుత్వం ఇచ్చే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య) రుజువు మరుసటి ఏడాది జనవరి 10 లోపు చేరాలి. ఆ తరువాత వైద్య ఖర్చులకో, తల్లిదండ్రుల మినహాయింపుకో కకుతే షింకొకు వేస్తే వన్‌స్టాప్ రద్దయిపోతుంది. విరాళాలన్నీ మళ్లీ ఆ దాఖలాలో రాయాలి. ఇది తెలియక రెండూ చేసి, విరాళం మినహాయింపును పోగొట్టుకుంటున్నవారు ఉన్నారు. విరాళం పన్ను కట్టే వ్యక్తి పేరునే, మై నంబర్ కార్డు మీద ఉన్న అక్షరాల వరుసలోనే ఉండాలి. భర్త విరాళానికి భార్య కార్డు వాడవద్దు.

జూన్‌లో నిర్ణయ పత్రం రాగానే సరిచూసుకోవాలి. వన్‌స్టాప్‌లో 60,000 ఇచ్చి ఉంటే, పన్ను తగ్గింపు గడుల్లో వార్డుది, జిల్లాది కలిపితే 58,000కు సర్దుబాటు తగ్గింపు 2,500 చేరి 60,500 చుట్టుపక్కల కనిపించాలి. కనిపించకపోతే ఆ వారమే కుయాకుషోకు వెళ్లండి.

ఈ పద్ధతి మీద ఒక మాట. టోక్యో వార్డులు దీనివల్ల పెద్దమొత్తం ఆదాయం కోల్పోతున్నాయి. మన పిల్లలు వెళ్లే హొయికుఎన్ (శిశు సంరక్షణ కేంద్రం), వారి టీకాలు, గ్రంథాలయం నడిచేది ఆ వార్డు డబ్బుతోనే. నేను హద్దు నిండా ఇవ్వను. సగం వరకే ఇస్తాను. అది నా నిర్ణయం మాత్రమే, మీ మీద రుద్దడం లేదు.

ఆరో అడుగు: మిగిలిన చిన్న దారులు

ఐడెకో అనే సొంత పొదుపు పెన్షన్‌లో వేసిన డబ్బంతా మినహాయింపే గానీ సాధారణంగా 60 ఏళ్లు వచ్చేవరకు తీయలేరు కాబట్టి, ఐదారేళ్లలో తిరిగి వెళ్లాలనుకునేవారికి అది తగదు. కుటుంబ వైద్య ఖర్చులు బీమా పోను ఏడాదికి 1,00,000 యెన్లు దాటితే, దాటినది మినహాయింపు అవుతుంది. ప్రసవం, పళ్ల చికిత్స ఉన్న ఏడాది రసీదులు దాచుకోవడం మరవద్దు. ఇండియాలో ఉన్నప్పుడు తీసుకున్న ఎల్ఐసీ పాలసీకి ఇక్కడ మినహాయింపు లేదు. విదేశంలో కుదుర్చుకున్న బీమాలను చట్టం మినహాయించింది. కంపెనీ తన పేరున ఇల్లు అద్దెకు తీసుకుని మీ నుంచి కొంత భాగం మాత్రం వసూలు చేసే పద్ధతి ఉంటే, జీతం కాగితం మీద తగ్గి పన్ను కూడా తగ్గుతుంది. ఉద్యోగం కుదుర్చుకునేటప్పుడే దాన్ని అడగాలి.

ఏడో అడుగు: ఇండియాలో వచ్చే ఆదాయం

జపాన్ పౌరసత్వం లేకుండా, గత పదేళ్లలో మొత్తం ఐదేళ్లు లేదా అంతకంటే తక్కువ కాలం ఇక్కడ ఉన్నవారికి, ఇండియాలో వచ్చి ఇండియాలోనే ఉన్న ఆదాయం మీద జపాన్ పన్ను లేదు. ఆ ఏడాదిలో ఇండియా నుంచి డబ్బు తెప్పించుకుంటే ఆ మేరకు వర్తించవచ్చు. ఐదేళ్లు దాటిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చినా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ ఫ్లాటు అద్దె మాత్రమే కాదు, ఇండియాలో పన్ను లేని ఎన్ఆర్ఈ (విదేశాల్లో సంపాదించిన డబ్బు దాచే ఎన్ఆర్ఐ ఖాతా) డిపాజిట్ వడ్డీ, ఊళ్లో పొలం మీద వచ్చే కౌలు కూడా ఇక్కడ పన్నుకు లోబడేవే. ఇండియాలో పన్ను కట్టిన ఆదాయానికి ఆ పన్నును ముందు జపాన్ ఆదాయపు పన్నులోంచి, మిగిలితే ఒక హద్దు వరకు నివాస పన్నులోంచి తీసివేస్తారు. అక్కడ పన్నే లేని కౌలుకు, ఎన్ఆర్ఈ వడ్డీకి తీసివేయడానికి ఏమీ ఉండదు. ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద బ్యాంకు 30 శాతం కోసినా, రెండు దేశాల ఒప్పందంలోని 10 శాతం వరకే ఇక్కడ గుర్తిస్తారు. మిగిలింది ఇండియాలోనే వాపసు అడగాలి.

జీతం కాకుండా వచ్చిన ఆదాయం ఏడాదికి 2,00,000 యెన్లు మించని ఉద్యోగి ఆదాయపు పన్ను దాఖలా చేయనక్కర్లేదని అందరూ చెబుతారు. అది నిజమే. నివాస పన్నుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఎంత చిన్న మొత్తమైనా మార్చి 15 లోపు కుయాకుషోలో విడిగా తెలియజేయాలి.

ఎనిమిదో అడుగు: జపాన్ వదిలి వెళ్లేటప్పుడు

డిసెంబరు 27న కుటుంబంతో హైదరాబాద్ విమానం ఎక్కిన వ్యక్తికి, జనవరి 5న ఎక్కిన వ్యక్తికి మధ్య తేడా, 60 లక్షల జీతానికి, 3,05,500 యెన్లు. మొదటి వ్యక్తి జనవరి 1న ఇక్కడ నివాసి కాదు కాబట్టి వెళ్లిన ఏడాది ఆదాయం మీద నివాస పన్ను ఉండదు. అంతకుముందు ఏడాదిదే, మే వరకు మిగిలినది కట్టి వెళ్లాలి. రెండో వ్యక్తి ఆ మిగిలినదీ కట్టాలి, తాను వెళ్లాక జూన్‌లో వచ్చే పూర్తి బిల్లూ కట్టాలి. తిరిగి వెళ్లాలని నిర్ణయించుకున్నవారు తేదీని మార్చుకోవడం పూర్తిగా చట్టబద్ధం. వెళ్లినట్టు కాగితం మీద రాయించి, కొత్త సంవత్సరం తరువాత కొద్ది వారాల్లో తిరిగి రావడం మాత్రం వేరే సంగతి. నివాసం ఎక్కడ అన్నది నమోదును బట్టి కాక, జీవితం నిజంగా ఎక్కడ సాగుతోందన్నదాన్ని బట్టి తేలుస్తారు. అటువంటి వ్యక్తిని వార్డు నివాసిగానే చూస్తుంది.

డిసెంబరులోపు వెళ్లిపోయే ఏడాదిలో ఫురుసాతో నోజే చేయకండి. విరాళం తగ్గాల్సిన మరుసటి ఏడాది నివాస పన్నే ఉండదు కాబట్టి ఆదాయపు పన్నులో కొద్ది భాగం తప్ప మిగతాదంతా పోతుంది. నవంబరులో బియ్యం బస్తాలు తెప్పించుకుని డిసెంబరులో బదిలీ ఉత్తర్వు అందుకున్నవారి బాధ నాకు తెలుసు.

వెళ్లడానికి ముందు కుయాకుషోలో విదేశానికి మకాం మారుస్తున్నట్టు నమోదు చేయించాలి. మిగిలిన పన్ను ఒకేసారి కట్టలేకపోతే, లేదా బిల్లు మీరు వెళ్లాక వచ్చేదైతే, జపాన్‌లో ఉండే ఒక వ్యక్తిని నోజే కాన్‌రినిన్‌గా, అంటే మీ తరఫున పన్ను కాగితాలు అందుకుని కట్టే ప్రతినిధిగా నియమించి ఆ ఫారం ఇవ్వాలి. స్నేహితుడైనా సరిపోతుంది, అతనికి ముందుగానే డబ్బు అందించి వెళ్లడం మర్యాద. ఆదాయపు పన్నుకు కూడా ప్రతినిధి కావాలంటే టాక్స్ ఆఫీసులో మరో ఫారం విడిగా ఇవ్వాలి. జపాన్ బ్యాంకు ఖాతాను ఈ లెక్కలన్నీ తీరేవరకు మూయకుండా ఉంచే వీలుందేమో ఆ బ్యాంకునే అడగండి. మళ్లీ ఉద్యోగానికో, పిల్లల చదువుకో జపాన్‌కు రావాలనుకునేవారికి ఈ పన్ను రసీదులు అవసరం పడవచ్చు కాబట్టి చివరి నిర్ణయ పత్రాన్ని, చెల్లింపు ధ్రువపత్రాన్ని వెంట తీసుకుని వెళ్లండి. ఆ ధ్రువపత్రం కుయాకుషో కౌంటర్‌లో కొద్ది వందల యెన్లకే ఇస్తారు.